ఇడ్లీ ఆవిరి మీద వేసిన నింద

మా పాప గది గోడకు బూజు పట్టడానికి నా ఇడ్లీలే కారణమని మా ఆయన తేల్చేశాడు. నేను నమ్మాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

నిజాంపేటలో మాది తొమ్మిదో అంతస్తు. ఎదురుగా కొత్త టవర్ కడుతున్నారు. కిటికీ తెరిస్తే తినే అన్నంలో కూడా సిమెంటు దుమ్మే. పాపకు ఆయాసం. అందుకే కిటికీలన్నీ బిగించేసి, గాలి మార్చే మెషీన్ పెట్టించుకున్నాం. వంటింట్లో, బాత్‌రూముల్లో చేరిన తడిగాలిని అది బయటికి లాగేస్తుంది, బయటి గాలిని వడకట్టి లోపలికి పంపుతుంది. బిగించినవాళ్ళు వెళ్తూ ఒకటే మాట చెప్పారు. "రాత్రీ పగలూ నడవాలండి. ఆపారంటే ఇల్లు మూతపెట్టిన గిన్నే."

ఆ వానాకాలం పాప మంచం వెనక నల్లటి చుక్కలు లేచాయి. తుడిస్తే పోయేవి, నాలుగు రోజులకు మళ్ళీ వచ్చేవి. పాపకు దగ్గు, పిల్లికూతలు. ఇంట్లో తేమ తగ్గకపోతే ఈ పిల్ల కోలుకోదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

ఆ సాయంత్రమే మా ఆయన హాల్లో ఉన్న తేమ మీటరు చూపించాడు. "చూడు, ముల్లు ఎట్ల ఎక్కిందో. పొద్దుగాల లేస్తే నీ ఇడ్లీలు, ఇంట్ల తడిబట్టలు. గింత ఆవిరిని ఏ మెషీన్ లాగుతది?"

ఆయనది ఇక్కడే, బాచుపల్లి. నాది కర్నూలు వైపు. ఆయన ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తాడు, నేను రోజూ హైటెక్ సిటీకి పోతాను. పగలంతా ఇంట్లో ఉండే మనిషికి తెలియదా అనుకున్నాను.

ఇడ్లీలు మానేశాను. పాపకు ఇడ్లీ అంటే ప్రాణం. బ్రెడ్డు ముక్క చేతిలో పెడితే, నేనేదో తప్పు చేసినట్టు చూసేది. బాల్కనీలో బట్టలు కనిపిస్తే అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు కాబట్టి తడిబట్టల బకెట్టు మోసుకుని మేడెక్కేదాన్ని. చినుకు పడితే మళ్ళీ పరుగు. ఇంత చేసినా ముల్లు దిగితే ఒట్టు! శని, ఆదివారాల్లో మాత్రం కాస్త దిగేది. "చూసినవా, నువ్వు జర జాగ్రత్తగ ఉంటే తగ్గుతది" అని మెచ్చుకునేవాడు మహానుభావుడు. నేను మురిసిపోయేదాన్ని కూడా.

ఒకరోజు వాన దంచికొడుతోందని ఆఫీసువాళ్ళు మధ్యాహ్నమే పంపేశారు. ఒంట్లో బాగాలేక పాప ఆ రోజు బడికి పోలేదు. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే ఏదో తేడాగా అనిపించింది. ఎప్పుడూ వినిపించే బుయ్యిమనే చప్పుడు లేదు. మెషీన్ ఆపేసి ఉంది. మా ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగులో నవ్వుతున్నాడు.

అది అయ్యేదాకా ఆగి అడిగాను. "ఎందుకు ఆపినావు?"

"ఏంది గట్ల చూస్తున్నవ్? దాని సౌండ్ కాల్‌ల ఇనిపిస్తుందని మేనేజర్ అన్నడు. జరసేపు బంద్ పెట్టిన, గంతే."

"ఈ రోజేనా?"

లేచి పోయి మెషీన్ స్విచ్ వేశాడు. నాకు శని, ఆదివారాలు గుర్తొచ్చాయి. మీటింగులు లేని రోజులు. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయ్యాయంటారే, అదీ నా బతుకు. మ్యూట్ నొక్కితే పోయేదానికి ఇంటి ఊపిరే నొక్కేశాడు. అది చాలక నింద తెచ్చి నా నెత్తిన రుద్దాడు.

"పిల్లకు ఊపిరాడక అల్లాడుతుంటే నా ఇడ్లీలను అంటావా? నీకు నోరెట్లా వచ్చింది?" అని అరిచాను.

"ఇగ ఆపను, ఫికర్ చెయ్యకు" అన్నాడు, ఏదో గ్లాసు పగలగొట్టినవాడిలా.

నా కేకలకు పాప లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాన్నను తిట్టకమ్మా. నువ్వు లిఫ్టెక్కంగనే రోజూ ఆపుతడు. నువ్వొచ్చే టైముకు మళ్ళ ఏస్తడు. చెప్తే మీరు కొట్లాడుకుంటరని నేనే చెప్పలే."

దాని ముందు కూర్చున్నాను. దాన్ని దగ్గరికి లాక్కున్నాను. "మరి దగ్గొస్తే ఏం చేస్తుండావే, తల్లీ?"

"దిండుల మొఖం పెట్టుకొని దగ్గుతున్నమ్మా" అంది. "నాన్న మీటింగ్‌ల ఇనపడొద్దని."