నా ప్రశ్నలు నేనే చెరిపేసుకున్న రోజులు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీ అందరికీ నా వందనాలు! ఈ నాలుగు మాటలు చెప్పడానికి నాకు చాలాసేపు పడుతుంది, మధ్యమధ్యలో మాట ఆగిపోతుంది, దయచేసి ఓపిక పట్టండి, ఎందుకంటే నా సాక్ష్యం ఆ ఆగిపోయే మాట గురించే.

నాకు చిన్నప్పటి నుండి నత్తి. తాతగారు శ్రీకాకుళం నుండి రైల్వే పనికి వచ్చి ఇక్కడే బిలాస్‌పూర్‌లో ఉండిపోయారు, నాన్నగారు లోకో షెడ్డులో చేసి రిటైరయ్యారు. మా క్వార్టరుకు ఎవరొచ్చి నన్ను ఏమడిగినా నాన్నగారే జవాబు చెప్పేసేవారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లతో కూడా "అమ్మాయికి జలుబండి, గొంతు పట్టీసింది" అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వాళ్లు వెళ్లాక ఆయన నా ముఖం చూడలేదు, నేనూ ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ సిగ్గు ఎంత బరువో ఏమని చెప్పను సహోదరులారా!

ఒకసారి కూటాలకు వచ్చిన బోధకుడు నా నాలుక మీద నూనె రాసి ప్రార్థించి, మైకు నా నోటి దగ్గర పెట్టి "హల్లెలూయ అనమ్మా" అన్నారు. నేను "హ" దగ్గరే ఆగిపోయాను. సంఘమంతా నా నోటి వైపే చూస్తోంది, నా మెడ నరాలు బిగుసుకుపోతున్నాయి, మాట రాలేదు. చివరికి ఆయన "విశ్వాసం ఇంకా పెరగాలి" అని మైకు తీసుకుని పక్కకు వెళ్లిపోయారు. ఆ తర్వాత నేను మందిరంలో చివరి వరుసలోనే కూర్చునేదాన్ని, ఆఖరి ప్రార్థన కాకముందే చెప్పులు వేసుకుని వెళ్లిపోయేదాన్ని. "ప్రభువా, నా నాలుక బాగుచెయ్యి, చెయ్యకపోతే నన్నెవరూ మాట్లాడించని చోటనైనా ఉంచు" అని ఏడ్చేదాన్ని.

అందుకే పిహెచ్‌డిలో చేరాను. చదువు మీద ప్రేమతో కాదు, దాక్కోవడానికి! లైబ్రరీలో కూర్చుంటే ఎవరూ పలకరించరనుకున్నాను. కానీ దేవుని ఆలోచన చూడండి! ఇక్కడి పాత రైల్వే తెలుగువాళ్ల ఇంటి మాట మీద పరిశోధన అనుకున్నాక, మా గైడు మేడం "ఇది పుస్తకాల్లో దొరకదు, ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసుకురా" అన్నారు. నా ప్రాణం పోయినంత పనయింది.

మొదట మన ఊళ్లోనే కుదుదండ్ పేటలో సత్తెమ్మగారనే ముసలమ్మ ఇంటికి వెళ్లాను. "మామ్మగారూ, మీ పె... పె..." అని 'పెళ్లి' దగ్గర తగులుకుపోయాను. సిగ్గుతో లేచి వచ్చేయబోయాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ తల కూడా ఎత్తకుండా, "కూకోయే పిల్లా, నాకేటి డ్యూటీ ఉందా? నీ మాట వచ్చినప్పుడే రానీ" అంది. ఎలాగో అడిగాను, ఆమె చాలాసేపు మాట్లాడింది.

అయితే ఇంటికొచ్చి రికార్డింగు విని కాగితం మీద పెట్టేటప్పుడు నా ప్రశ్నలన్నీ తీసేశాను. ఏ ఇంటి రికార్డింగు రాసినా అంతే. మేడం అవి చదివి, "అచ్ఛా, వీళ్లంతా ఎవరికి జవాబు చెబుతున్నారు? ఇస్‌మే తుమ్ కహా హో? ఇందులో నువ్వెక్కడ?" అని అడిగారు. ఆవిడ ముందే ఏడ్చేశాను. "మళ్లీ విను, నీ గొంతుతో సహా రాసి తీసుకురా" అన్నారు.

నాన్నగారు రిటైరయ్యాక మేముంటున్న తిఫ్రా ఇంట్లో తలుపు గడియ పెట్టుకుని విన్నాను. నా గొంతు నాకే రోత పుట్టింది. "తండ్రీ, ఇది నువ్విచ్చిన గొంతేనా? అయితే వినే బలం కూడా నువ్వే ఇయ్యి" అని ప్రార్థించి మళ్లీ పెట్టాను. అప్పుడు వినబడింది సహోదరులారా! నేను 'పెళ్లి' అనలేక పెనుగులాడుతున్న ఆ సందులోనే సత్తెమ్మగారు మెల్లగా, తనలో తను అనుకున్నట్టు, "మా పెద్దోడికీ ఇలాగే మాట తగులుకునీది. నాను కొట్టీదాన్ని" అంటోంది. ఆ ముసలితల్లి తన గుండె విప్పి నా ముందు పెడితే, నా నోటి గోలలో పడి నేను వినలేదు! సిగ్గు నా ఒక్కదానికే ఉందనుకుని బతికాను.

మర్నాడే వెళ్లి ఆమె కొడుకు గురించి అడిగాను. "ఆడు నాగపూర్‌లో ఉన్నాడమ్మా. నాను ఫోను చేత్తే అవునంటే హా, కాదంటే నై, అంతే. ఇంకేటీ మాటాడడు" అని కొంగు నోట్లో కుక్కుకుంది. "మామ్మగారూ, మా ప్రభువుకు చెప్పనా?" అన్నాను. "నీ దేవుడు మాత్రం కాదంటాడేటి, చెప్పు" అంది. పైకి వినబడేలా ఇంకొకరి కోసం ప్రార్థించడం నా జీవితంలో అదే మొదలు. ప్రతి మాటా విరిగింది, 'ప్రభువా' అన్న మాటే ఎన్ని ముక్కలైందో! ఆమె నా చెయ్యి వదల్లేదు. అక్కడే, ఆ వంటింటి గడప దగ్గరే, దేవుడు నన్ను విడిపించాడు. దేవునికే మహిమ!

ఆ తర్వాత నా ప్రశ్నలన్నీ ఆగిన చోట ఆగినట్టే రాసి సిద్ధాంత గ్రంథం ఇచ్చాను. వైవా రోజు బయటి నుండి వచ్చిన ప్రొఫెసరు ముందు మాట చాలాసార్లు ఆగింది, సులువైన మాట వెతుక్కోకుండా నేను అనాలనుకున్న మాటే అన్నాను. డాక్టరేటు వచ్చింది. బయట నాన్నగారు నా బ్యాగు పట్టుకుని నిలబడి, "ఇన్నాళ్లూ నీ మాటలు నానే మింగీసాను తల్లీ" అన్నారు. అంతకుముందు నాన్నగారి కళ్లలో నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.

నత్తి పోలేదు, మీరే వింటున్నారు కదా. ఇవాళ ఇక్కడికి నడిచి వస్తుంటే కూడా సిగ్గుతో వెనక్కి తిరిగి ఆ చివరి వరుస వైపు చూశాను, అది దాచను. అయినా ఆ సిగ్గుతోనే నన్ను మీ ముందు నిలబెట్టిన దేవునికి వేల స్తోత్రాలు! మీలో ఎవరికైనా నోట రాని బాధ ఉంటే, చక్కగా చెప్పడం వచ్చేదాకా ఆగకండి, విరిగిన మాటతోనే ఆయన దగ్గరకు రండి. మీ మాట పూర్తయ్యేదాకా ఆయన కూర్చుని వింటాడు. ఆమేన్.