శుభం పడకముందే

మా ముత్తాతగారు మునసబు. ఊళ్లో తగవు వస్తే పోలీసుల దాకా వెళ్లేది కాదు, మా అరుగు మీదే తేలేది. తాతగారు తాలూకా బోర్డు సభ్యులు. రేపల్లెలో సినిమా హాలు కట్టించింది ఆయనే. తర్వాత నాన్నగారి కాలంలో, ఆయన కారు దిగి పైకి వచ్చి కూర్చున్నాక గాని ఆట మొదలయ్యేది కాదు. ఇవి గొప్పకు రాయడం లేదు. అయినా గొప్పే.

ఆ హాల్లో మా ఇంటికి ఒక పద్ధతి ఉండేది. బాల్కనీలో ఒక మూలకు చెక్క అడ్డు కట్టి లోపల ఆడవాళ్లకు సోఫాలు వేయించారు. వాళ్లకు వేరే మెట్లు. కథ చివరికి వస్తుండగా గేటు కీపరు వచ్చి చెక్క మీద తట్టేవాడు. శుభం పడి లైట్లు వెలగకముందే వాళ్లు దిగి కారెక్కాలి. జనంలో కలిసి బయటికి రాకూడదు. మా నాయనమ్మ, అమ్మ, మేనత్తలు ఆ హాల్లో ఏ సినిమా చివరా చూడలేదు.

పెళ్లయి వచ్చాక నా భార్యకూ అదే పద్ధతి. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ అడిగేది.

"తర్వాత ఏమైందండీ?"

"ఏముంది, కలుసుకున్నారు."

"వాడు తప్పొప్పుకున్నాడా, ఊరికే కలిసిపోయారా?"

"అవన్నీ నాకేం గుర్తుంటాయి?"

"మీరు కూర్చుని కూడా చూడరు. నన్ను కూర్చోనివ్వరు."

రొయ్యల చెరువులు మమ్మల్ని ముంచాయి. మిగిలినదాన్ని దాయాదుల దావాలు తిన్నాయి. ఇల్లు పోయాక తెనాలిలో అద్దెకు దిగాం. హాలు లీజుకిచ్చాం. నా భార్య చదివిన బియ్యీడీ అప్పుడు బయటికి వచ్చింది. బాపట్లలో టీచరు ఉద్యోగం. రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని రైలెక్కేది. మా వంశంలో జీతం తెచ్చిన మొదటి కోడలు ఆవిడే. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

ఆవిడ రిటైరయ్యాక, ఆవిడ దగ్గర చదువుకున్న బాపట్ల అమ్మాయి ఒకతె సినిమా తీయడం మొదలుపెట్టింది. చిన్న సినిమా. హీరో లేడు. పదిహేను పదహారేళ్ల పిల్లలు ఆరుగురు మలేషియాలోని పెనాంగ్ వెళ్తారు, తిరుగుతారు, వాళ్లలో వాళ్లు అలుగుతారు, తిరిగొస్తారు. నటించేదీ బాపట్ల పిల్లలే. మేడమ్ తోడు వెళ్తేనే పంపిస్తామన్నారు తల్లిదండ్రులు.

"వెళ్లి రానా?" అని అడిగింది నన్ను.

"పాస్‌పోర్టు వచ్చాక నన్నడగడం దేనికి?"

"అడిగితే మీకు బాగుంటుందని."

వెళ్లింది, వచ్చింది. ఎండ ఎక్కువ, కాఫీ బాగాలేదు అంది. మరుసటి వర్షాకాలంలో గుండెపోటుతో పోయింది. నా దగ్గర మిగిలినవి ఫొటోలు. అన్నిటిలోనూ కొంగు సర్దుకుని, పెదవులు మూసుకుని నిలబడి ఉంటుంది.

సినిమా ఆ తర్వాత పూర్తయింది. ఎక్కడా ఎవరూ వేయలేదు. ఆ అమ్మాయి తెనాలి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"రేపల్లెలో మీ హాల్లో ఒక్క ఉదయం ఆట వేస్తామన్నారు బాబాయిగారూ. మీరు రావాలి. మేడమ్ కూడా కనపడతారండి. చిట్టచివర, పేర్లు పడేటప్పుడు."

అప్పటికే హాలు అమ్మడానికి మాట అయిపోయింది. అయినా వెళ్లాను. ఆవిడ కదులుతుంటే ఒక్కసారి చూడాలి, గొంతు వినాలి. నాకు కావలసింది అంతే.

బాల్కనీలో ఉన్నదంతా పిల్లల తల్లిదండ్రులే. తెర మీద పిల్లలు పడవల రేవులో కాళ్లు వేలాడేసి కూర్చున్నారు. చాలాసేపు ఏమీ జరగదు. ఒక పిల్ల అంటుంది, "మన సూర్యలంక బీచి లాగే ఉందిగా." ఇంకొకతె, "మరి ఇంత దూరం ఎందుకొచ్చామే?" మళ్లీ నీళ్లకేసి చూపులు.

నా వెనక ఒక తల్లి పక్కావిడతో అంది. "మావాడు ఇంట్లో మాట్లాడడు, సినిమాలోనూ మాట్లాడడేంటే?"

"నీ పోలికే వచ్చుంటే వాడి వాగుడుతోనే రెండో సినిమా కూడా నడిచేది," అంది పక్కావిడ.

విరామంలో లీజుదారు మేనేజరు ఆపరేటరుకు చెప్పడం విన్నాను. "పేర్లు పడగానే ఆపెయ్. మ్యాటినీ జనం వచ్చేస్తారు."

ఆ హాల్లో నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను. మేనేజరు దగ్గరికి వెళ్లి, "పేర్లు కూడా పూర్తిగా వెయ్యాలి," అన్నాను.

"పేర్లు ఎవరు చూస్తారండి?"

"మా ఇంటావిడ ఉంది అందులో."

"యాక్టరా అండి?"

"కాదు. ఆవిడ ఇప్పుడు లేదు. చివరిదాకా ఉంచు బాబూ."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "అలాగే. వెళ్లి కూర్చో తాతా," అన్నాడు. అక్కడ మమ్మల్ని బాబుగారు అనేవారు.

పేర్లు మొదలవగానే అందరూ లేచారు. సంచులు, చెప్పుల చప్పుడు. తెరకు అడ్డంగా తలల నీడలు. ఆ తలల సందుల్లోంచి ఆవిడ కనపడింది. వీధి పక్క గట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. చేతిలో కాగితం పొట్లం, అందులోంచి ఏదో తింటోంది. ఎదురుగా దీపాల వెలుగులో బొమ్మలాట నడుస్తోంది. నలుగురిలో కూర్చుని ఆవిడ ఏదైనా తినగా నేను చూడలేదు.

"మేడమ్, బస్సు వెళ్లిపోద్ది!" అని ఒక కుర్రాడి గొంతు.

"మీరు పదండర్రా. అయిపోయేదాకా చూసొస్తా."

"వాళ్ల భాష కూడా తెలీదుగా!"

"చివర తెలుస్తుందిగా," అని నోటినిండా తిండితో గట్టిగా నవ్వింది.

అక్కడితో తెర నల్లబడింది. ఆ బొమ్మలాట ఎలా ముగిసిందో ఆవిడ చూసే ఉంటుంది. నాకు తెలియదు.

జనం వెళ్లేదాకా కూర్చుని, ఆడవాళ్ల మెట్ల మీదుగా దిగాను.

ఆ వేసవిలో హాలు చెరుకుపల్లి వ్యాపారి ఒకాయనకు రిజిస్టరు చేశాం. బాల్కనీలోని సోఫాలు, చెక్క అడ్డు విడిగా అమ్ముడుపోయాయి.