షమీమ్‌కు తెలుగు రాయడం రాదన్నాను

ఎవరితోనైనా వాదించి గెలిచే నోరు నాది. ఒక్క మాట దగ్గర మాత్రం ఏళ్లుగా మూతబడి ఉంది. మోసి మోసి అలసిపోయాను. మీకు చెబుతాను. మధ్యలో ఓదార్చకండి.

జహీరాబాద్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పని నాది. షమీమ్‌ది పక్క కుర్చీ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు చదివిన మనిషి. నా డ్రాఫ్టుల్లో తప్పులు తనే దిద్దేది. నా ఉర్దూ అంటారా, అల్లం బేరమాడటానికి, ఆటోవాణ్ణి తిట్టడానికి సరిపోతుంది.

అర్జీల కౌంటర్‌లో రెండు భాషలూ వచ్చినవాళ్లే ఉండాలన్నారు కొత్తగా వచ్చిన ఆఫీసరు. మా ఇద్దరిలో ఒకరికి ఆ కుర్చీ, ఇంకొకరికి రాయికోడ్ బదిలీ. షమీమ్ వాళ్ల అమ్మకు పక్షవాతం. మధ్యాహ్నం ఇంటికెళ్లి తినిపించి రావాలి. అది నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నన్ను పిలిచి అడిగారు.

"షమీమ్‌కు తెలుగు రాసుడొస్తదా అమ్మా?"

"మాట్లాడుతది సార్. రాసుడే జర కష్టం."

అంతే. ఆ పేరు చూసి ఆయన అప్పటికే సగం నమ్మి ఉన్నారు. మిగతా సగం నేను పూర్తి చేశాను. ఎందుకు? నాకు ఏ ఆపదా లేదు. రోజూ బస్సెక్కే బాధ తప్పించుకోవాలనుకున్నాను, ఇంతకంటే గొప్ప కారణం ఎంత వెతికినా దొరకలేదు.

కుర్చీ నాకొచ్చింది, రాయికోడ్ షమీమ్‌కు పడింది; నా ఉర్దూ ఎంతో ఆయన అడగనే లేదు. కౌంటర్‌లో ఉర్దూ ముదిరితే రాయికోడ్‌కు, షమీమ్‌కే ఫోన్ చేసేదాన్ని.

"ఏమే, నీ ఉర్దూ ఇంకా గట్లనే ఉందా? ఫోన్ ఆ చాచాకియ్యి!" అని నవ్వేది. అర్జీ పెట్టుకోవడానికి వచ్చిన ఆ పెద్దాయన గోడు వినేది. ఆ తర్వాత అర్జీలో ఏం రాయాలో నాకు చక్కటి తెలుగులో వాక్యం వాక్యంగా చెప్పేది. నేను రాసేదాన్ని. ఆఫీసరు నా రాతను మెచ్చుకునేవారు.

మధ్యాహ్నాలు వాళ్లమ్మకు నేనే వెళ్లి తినిపించేదాన్ని. ఆవిడ పోయేదాకా. బేటీ అని నా చెయ్యి పట్టుకునేది. "నువ్వున్నవ్ గద, నాకు ఫికర్ లేదు," అనేది షమీమ్. ప్రేమతోనే వెళ్లానా, తప్పు కడుక్కోవడానికి వెళ్లానా? ఇప్పటికీ తేల్చుకోలేను. కానీ ఆ మధ్యాహ్నాలు షమీమ్‌వి. అవి కూడా నేనే తీసుకున్నాను.

తను ఇప్పటికీ రంజాన్‌కు షీర్ ఖుర్మా మొదట మా ఇంటికే పంపుతుంది.

క్షమించమని అడగను. ఇది అచ్చయితే తను చదువుతుంది, అంతే. తెలుగులో వచ్చే ప్రతిదీ చదువుతుంది. ఇన్నేళ్లలో షమీమ్‌కు చూపించకుండా, తన చేత దిద్దించుకోకుండా నేను బయటికి పంపుతున్న మొదటి తెలుగు రాత ఇది.