కవర్ మీది ముసలి యోధుడు

ఉదయం ఆరూ నలభైకి, పాలు కాగేలోపు ఫోన్ తెరిచాను. నేను చాలా ఏళ్లుగా ఆడే కంప్యూటర్ ఆట ఒకటుంది. అందులో మనం ఒక పాత్రను ఎంచుకుని, ఆ పాత్రగానే కథ నడపాలి. దాని కొత్త భాగం కవర్ మీద, బల్లెం పట్టుకుని కూర్చున్న ముసలి యోధుడి బొమ్మ వేశారు. ఎవరిని చూసి గీశారని అభిమానులు వాదించుకుంటున్నారు. ఒకరు ఇటలీ నటుడన్నారు. ఇంకొకరు బొమ్మను పెద్దది చేసి, కుడిచేతి చిటికెనవేలు లోపలికి వంగి ఉందని చూపించారు.

ఆ వేలు మా నాయనది. వేరుశనగ కాయలు కొట్టే మిషన్‌లో పడి విరిగి, వంకరగానే అతుక్కుంది.

నాలుగేళ్ల కిందట నా కాలేజీ స్నేహితుడు కుందుర్పి దగ్గరి మా ఊరికొచ్చాడు. ఆటలకు బొమ్మలు గీయడం అతని పని. మిట్టమధ్యాహ్నం నాయనకు కంబళి కప్పి, చేతికి గడ్డపార ఇచ్చి, చేని గట్టున కూర్చోబెట్టి గంటసేపు ఫొటోలు తీశాడు.

"కదలొద్దు నాయనా."

"యాడ కదిలేదప్పా? ఈడే ఉడికిపోతాండా."

తర్వాత నాయన ప్రతి నెలా అతనికి ఫోన్ చేయించేవాడు. "ఏమప్పా, నా బొమ్మ వచ్చినాదా?"

ఆరో నెలలో జవాబు వచ్చింది. "వాళ్లకు నచ్చలేదు నాయనా. తీసేసినారు."

నాయన నవ్వాడు. "ఈ మొగం చూసి వానే రాదు. వాళ్లకేం నచ్చుతాది?"

ఆ తర్వాత ఎవరు ఫొటో తీయబోయినా పక్కకు జరిగేవాడు. పోయిన ఏడాది చనిపోయినప్పుడు, దండ వేయడానికి ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించాం.

పాలు దించి స్నేహితుడికి ఫోన్ చేశాను.

"నాయనకు అబద్ధం ఎందుకు చెప్పినావు?"

"నిజం చెప్పింటే ఊరంతా చెప్పుకునేవాడు కదప్పా. ఒకరిని కూర్చోబెట్టి గీసినానంటే నా చేతికేం విలువ?"

"చెప్పుకుంటే ఏం పోయేది? ఆయనకు అదే కావాల్సింది."

"సరే, ఈరోజు అందరికీ నేనే చెప్తాలే."

సాయంత్రం అభిమానుల చర్చలో అతను రాశాడు: "ఎవరినీ చూసి గీయలేదు. పూర్తిగా నా ఊహ." అందరూ మెచ్చుకున్నారు. ఆనాటి ఫొటోలు అతని దగ్గరే ఉన్నాయి. నా దగ్గర ఒక్కటీ లేదు.

ఆ ముఖం ఎవరిదని ఇప్పుడు అక్కడ ఎవరూ అడగడం లేదు.