పెళ్ళినాటి నిద్ర

సత్యభామ పెళ్ళికూతుళ్ళకు చీర కడుతుంది. అదే ఆమె జీవనం. చిక్కపేట బజారులో ఒక పట్టుచీరల కొట్టులో బొమ్మలకు కట్టడంతో మొదలైంది. బొమ్మలు కదలవు. తరువాత కదిలే మనుషులకు కట్టడం నేర్చుకుంది. పెళ్ళికి ముందే చీరకు కుచ్చెళ్ళు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి పెట్టెలో సర్దుతుంది. ముహూర్తం పొద్దున వెళ్ళి పెట్టె తెరుస్తుంది. పెళ్ళికూతురు ఊపిరి బిగబట్టి నిలబడుతుంది.

"ఊపిరి వదులమ్మా. చీర యాడికీ పోదు."

అందరికీ అదే మాట.

భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. కొట్టు వెనక సందులో, చెల్లెలు రాధిక ఇంట్లో ఒక గది ఆమెది. పని మీద వెళ్ళిన చోట బొట్టుబిళ్ళ పెట్టుకుంటుంది, ఇంటికి రాగానే తీసేస్తుంది. కూలికి వచ్చిన చేతిని ఎవరూ ఏమీ అడగరు.

రాధిక కూతురు దివ్య పెద్దమ్మ పక్కలో పడుకునే పెరిగింది. బడిలో నాటకానికి మొదటిసారి చీర కట్టినప్పుడు, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"పెద్దమ్మా, నా పెండ్లికి గూడా నువ్వే కట్టాల."

"నేను గాక ఇంగెవరు కడతారే?"

ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు. సత్యభామ దాన్ని దాచుకుంది.

దివ్య పెళ్ళి కుదిరి తాంబూలాలు కూడా అయ్యాక టొరంటోలో ఒక పెళ్ళి పని వచ్చింది. పెళ్ళికూతుళ్ళను అలంకరించే శైలజ మేడం తనతో రమ్మంది. వెళ్తే, తిరిగి వచ్చేది దివ్య పెళ్ళికి ముందురోజే. సత్యభామ వద్దనుకుంది. రాధికే ఒప్పించింది.

"పో అక్కా. విమానం ఎక్కే యోగం ఎందరికి వస్తాది? ఒకరోజు ముందే వస్తాండావు గదా."

వెళ్ళే ముందు దివ్య ముహూర్తం చీరకు కుచ్చెళ్ళు పెట్టింది. అంచు మీద అంచు కూర్చేదాకా విప్పి మళ్ళీ పెట్టింది. పెట్టెను బీరువాలో ఉంచి వెళ్ళింది.

టొరంటోలో ఆమె చూసింది ఒక హోటలు గది, ఒక హాలు, కిటికీ బయట మంచు. రాత్రంతా మెలకువ. పగలు పిన్ను పట్టుకుంటే వేళ్ళు నిద్రపోయేవి. చివరి రోజు పెళ్ళికూతురి తల్లి పసుపు కుంకుమ పళ్ళెంతో వచ్చింది. సత్యభామ చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగింది. ఆ తల్లి ఆమె నుదుట బొట్టు పెట్టి, తాంబూలం చేతిలో ఉంచింది.

తిరిగి దేవనహళ్ళి విమానాశ్రయంలో దిగేసరికి కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టలేదు. నేల ఇంకా గాలిలో ఉన్నట్టే ఉంది. రాధిక భర్త శ్రీనివాసప్ప కారు తెచ్చాడు. ఇంటికి రాగానే రాధిక చారన్నం కలిపి పెట్టింది.

"ఏమక్కా, కండ్లు అట్ల గుంతలు పడినాయి?"

"ఆడ పగలైతే ఈడ రాత్రి. నా ఒళ్ళు యాడుండాదో నాకే తెలీడంలేదు."

శ్రీనివాసప్ప నవ్వాడు. "వదినా, నువ్వు దిగినావు, నీ నిద్ర ఇంగా ఆడ బ్యాగుల బెల్టు మీద తిరుగుతా ఉండాది. తెచ్చుకోకుండా వచ్చేసినావు."

సత్యభామ కూడా నవ్వింది. చెల్లెలికి ఆ సంగతి చెప్పాలనిపించింది.

"ఆడ పెండ్లికూతురి వాళ్ళమ్మ నాకు బొట్టు పెట్టింది రాధీ. ఏమీ అడగలా. తాంబూలం చేతికిచ్చింది."

రాధిక చారు గిన్నె మీద మూత పెట్టింది.

"ఆ దేశంలో ఉండేటోళ్ళకేం తెలుసులే," అంది. తరువాత నవ్వింది. సత్యభామ ఆ నవ్వునే చూసింది.

"తెల్లారకముందే పెండ్లి ఛత్రానికి పోవాల గదా. అలారం పెట్టుకుంటా."

"అలారం ఎందుకు, నేనుండాను గదా? ఫోన్ ఇట్లియ్యి, చార్జింగ్ పెడతా. సుమ్నే నిమ్మళంగా పండుకో."

ఫోన్ ఇచ్చింది. పడుకుంది. బావిలోకి రాయి దిగినట్టు దిగిపోయింది.

తోపుడు బండ్ల చప్పుడుకు మెలకువ వచ్చింది. చిక్కపేటలో బండ్లు కదిలాయంటే కొట్లు తెరిచినట్టే. ముహూర్తం అంతకన్నా ముందు. గది మాత్రం చీకటిగా ఉంది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది, మూలమూలకూ ముడి వేసి. పడుకునేటప్పుడు ఆ దుప్పటి లేదు. తలగడ పక్కన ఫ్లాస్కు. మూత తీస్తే కాఫీ పొగలు వచ్చాయి. బీరువాలో పెట్టె లేదు. ఫోన్ వంటగదిలో, ఆపేసి ఉంది.

పక్కింటి భాగీరథమ్మ గడపలో కూర్చుని మెంతికూర ఒలుస్తోంది.

"లేచినావా? నీకు టిఫిన్ పెట్టమని చెప్పిపోయినారు."

"నన్నెందుకు లేపలేదు?"

"బాగా నిద్ర పోతాండావని..." ఆమె కూర మీది నుంచి తల ఎత్తలేదు. "నన్నడగొద్దు సత్తెమ్మా."

సత్యభామ స్నానం చేసి, చేతికందిన చీర కట్టుకుని ఆటో ఎక్కింది. దారంతా తల వాలిపోతూనే ఉంది. గిల్లుకుంది. అయినా వాలింది. ఒళ్ళు కూడా వాళ్ళ పక్షమే చేరింది.

దేవనహళ్ళి ఛత్రంలో విస్తర్లు వేస్తున్నారు. తాళి కట్టడం అయిపోయింది. వేదిక మీద దివ్య నిలబడి ఉంది. దూరం నుంచే సత్యభామ చీరను చూసింది. కుచ్చెళ్ళు తనవే. అంచు మీద అంచు నిలిచింది. దోపిన చెయ్యి మాత్రం వేరే. ఎడమ పక్క జారింది, పైట మీద పిన్ను బయటికి కనిపిస్తోంది.

దివ్య ఆమెను చూసింది. వెంటనే తల దించుకుని, పిన్నును కొంగు కింద దాచుకుంది.

రాధిక ఆమెను సామాన్ల గదిలోకి తీసుకుపోయింది.

"నీ నిద్ర చూస్తే లేపబుద్ధి కాలా అక్కా."

"కిటికీకి దుప్పటి కట్టబుద్ధి అయిందా?"

రాధిక గాజులు సర్దుకుంది.

"పెండ్లికొడుకు వాళ్ళ అవ్వ అడిగింది, చీర కట్టేదెవరని. ముత్తైదువే కట్టాలంట. నేనేం చెప్పేది?"

"ఎప్పుడడిగింది?"

"తాంబూలాలప్పుడు."

సత్యభామ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది.

"అంటే, నన్ను విమానం ఎక్కమన్నప్పుడే నీకు తెలుసు."

"నీకు బేజారైతాదని..."

"నన్నడిగింటే నేనే కట్టననేదాన్ని గదా రాధీ. ఏదో మూల కూర్చొని చూసుండేదాన్ని. ఇన్నేండ్లు మీ ఇంట్లో ఉండాను, నాకు తెలీదా? నిద్రలో వదిలేసి వచ్చినావు."

"అట్లనొద్దక్కా."

"నా కుచ్చెళ్ళకు మాత్రం దోషం లేదు."

బయట ఎవరో రాధికను పిలిచారు. ఆమె కదల్లేదు. కళ్ళు తుడుచుకుంది. నిజంగానే ఏడ్చింది. తరువాత గొంతు తగ్గించి అంది:

"సాయంత్రం రిసెప్షన్ చీర నువ్వే కట్టక్కా. దానికి ఎవురూ ఏమనరు. అంతదాకా ఈడే పండుకో. నేను లేపుతా."

టెంకాయ మూటల పక్కన చాప పరిచి వెళ్ళింది. సత్యభామ పడుకుంది. ఇప్పుడు నిద్ర లేదు. గోడ మీద ఎండ పైకి పాకి, పోయింది. హాల్లో పాటలు మొదలయ్యాయి. గాజుల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"అక్కా." భుజం మీద చెయ్యి. "అక్కా, లే. టైమయింది."

రాధిక కుదిపింది. గట్టిగా కుదిపింది. సత్యభామ ఊపిరిని మెల్లగా వదిలింది, మెల్లగా తీసుకుంది.

గుమ్మంలో శ్రీనివాసప్ప గొంతు. "ఉండనీలే. అంత దూరం నుంచి వచ్చింది."

"చీర ఎవరు కడతారప్పా ఇప్పుడు?" అంది రాధిక.

కాసేపటికి పట్టు గరగర వినిపించింది. కట్టని చీర, చేతుల మీద మోసుకొచ్చిన చప్పుడు. అది ఆమెకు తెలుసు.

"పెద్దమ్మా," అంది దివ్య.

సత్యభామ కళ్ళు తెరవలేదు.