పిచ్చుకలు తిన్న ధాన్యం

దీపావళికి ముందు మా రాయపూర్ మోవా బజారులో పల్లెటూళ్ళ ఆడవాళ్ళు వరికంకుల కుచ్చులు అమ్ముతారు. మొన్న మా పక్కింటి కోడలు రెండు కొని, ఒకటి తన గుమ్మానికి కట్టుకుని, రెండోది పట్టుకుని మా ఇంటికొచ్చింది. విజయనగరం వాళ్ళ పిల్ల, పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడే. "ఆంటీ, మీ దర్వాజాకి కూడా కట్టేస్తాను. చిడియాలు, అదే పిచ్చుకలు, వస్తాయి, మీకు టైంపాస్ అవుద్ది" అంది. మా ఆయన పోయినప్పటినుంచీ నాకు పొద్దుపోయే మార్గం చెప్పని మనిషి ఈ వీధిలో లేదు. నేను వద్దన్నాను. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పులనీ, రాలిన పొట్టు ఊడ్చుకోలేననీ ఏదో చెప్పాను. అసలు కారణం చెప్పాలంటే పాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఆ పిల్లేమో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది.

నా పెళ్ళినాటికి మా ఆయన గూడ్సు బళ్ళ మీద గార్డు. శ్రీకాకుళం పక్క ఎప్పుడూ పదిమంది తిరిగే ఇంట్లోంచి నన్ను తీసుకొచ్చి, రాయపూర్ రైల్వే క్వార్టర్లో దింపి, మర్నాడే డ్యూటీకి వెళ్ళిపోయారు. వెళితే రెండు రోజులు, ఒక్కోసారి మూడు. నాకు హిందీ ముక్క రాదు. కూరల బండివాడికి వేలితో చూపించి, తల ఊపి, ఇంట్లోకొచ్చి తలుపేసుకునేదాన్ని. గట్టిగా నాలో నేనే మాట్లాడుకుంటే పిచ్చిదనుకుంటారని అన్నం గిన్నెతో మాట్లాడేదాన్ని. ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పొయ్యాలో కూడా నాకు తెలిసేది కాదు. రోజూ మిగిలేది. మిగిలిన అన్నం చూస్తే ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లో నాతో తెలుగులో మాట్లాడే మనిషి ఆదివారం భోజనానికొచ్చే మావయ్యగారొక్కరే. మా అత్తగారి తమ్ముడు. ఊరి బయట వరి పరిశోధన పొలంలో చిన్న ఉద్యోగం, పెళ్ళీ పెటాకులూ లేవు. సైకిలు మీద ఊరూరా తిరిగి, ప్రతి ఇంటి ముందూ నిలబడి, మీ పాత వడ్లు ఒక గుప్పెడు ఇస్తారా అని అడగడమే ఆయన పని. ఫలానా ఊరి వడ్లు వారం మునిగినా చావవనీ, ఫలానావి బాలింతలకు పెడతారనీ, సంబంధాలు చెప్పే పేరయ్యలా ఒక్కోదాని గుణగణాలూ వర్ణిస్తూ అన్నం చల్లారబెట్టేసేవారు. అప్పటికే పల్లెల్లో అందరూ కొత్త విత్తనానికి మారుతున్నారు. "మంచిదే కదమ్మా, కడుపులు నిండుతున్నాయి. నేను కాదన్ను. కానీ ఊళ్ళన్నీ ఒకటే ఇత్తనం ఏసీసి, ఒకేడు దానికి తెగులొచ్చిందనుకో, అప్పుడెవరింటికెల్లి అడుగుతారు?" అనేవారు. నేను మజ్జిగ పోసేదాన్ని. నాకు ఆ మాటల అర్థం కంటే చెవిన పడే తెలుగే ముఖ్యంగా ఉండేది.

మందిర్ హసౌద్ అవతల ఒక పల్లెలో ఒక ముసలమ్మ ఆయనకు ఒక గుప్పెడు వడ్లు ఇచ్చింది. పేరేమిటంటే 'హమర్ ధాన్' అందట, అంటే మా ధాన్యం అని. విత్తిన రెండు నెలల్లో చేతికొస్తుంది. పాత గింజలు అయిపోయి, పెద్ద పంట ఇంకా పచ్చిగా ఉన్న ఆకలి రోజుల్లో ఆ ఊరిని కాచింది అదే. ముసలమ్మ పోయింది, ఆమె కొడుకులు కొత్త విత్తనం వేసుకున్నారు. ఆఫీసు సీసాలో దాచినవి పాతబడి మొలకెత్తడం మానేశాయి. మావయ్యగారు తన దగ్గరున్న కాసినీ ఒక చిన్న మడిలో వేసి, వచ్చిన పంటనంతా ఒకే కట్టగా కోశారు. ఆయన గదిలో ఎలుకలు. అందుకని ఆ కట్టనూ, మరి నాలుగైదు రకాల కట్టలనూ తెచ్చి మా వరండాలో గుమ్మం దగ్గర దూలానికి వేలాడదీసి, ఆరాక ఆదివారం తీసుకెళతానన్నారు.

ఆ వారం మా ఆయన నాలుగు రోజులు రాలేదు. బుధవారం పొద్దున్న ఆ కంకులు చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. కొత్త పంట రాగానే కంకులు జడలా అల్లి గుమ్మానికి కట్టేది. ఇంటినిండా పిచ్చుకల గోల. నాకూ ఆ గోల కావాలనిపించింది. అన్నిటికంటే అందంగా ఉన్న కట్ట దించి, నాయనమ్మ నేర్పినట్టే అల్లి గుమ్మానికి కట్టాను. గంటలో పిచ్చుకలొచ్చాయి. రాయపూర్ వచ్చాక నేను నవ్వింది ఆ రోజే. మూడు రోజుల్లో ఉత్త గడ్డే మిగిలింది.

ఆదివారం మావయ్యగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "ఇది ఏ కట్టమ్మా?" అన్నారు. అందమైనది ఏరి మరీ కట్టానని గర్వంగా చూపించాను. ఆయన దూలం వైపు చూశారు. చెప్పుల సంగతి మర్చిపోయి అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు తాగి, "పోన్లే అమ్మా, ఆటికీ ఆకలే కదా" అన్నారు. తర్వాత తువ్వాలు పరిచి, మోకాళ్ళ మీద వంగి గుమ్మం కింద దుమ్ములో వెతకడం మొదలుపెట్టారు. అప్పుడు గాని నాకు సంగతి అర్థం కాలేదు. నేనూ పక్కనే వంగాను. పదకొండు గింజలు దొరికాయి. ఆ పూట అన్నం ఇద్దరికీ సహించలేదు.

మరుసటి ఏడు వానలు పడగానే ఆ పదకొండూ మా పెరట్లో పగిలిన సిమెంటు తొట్టిలో వేశారు. తొమ్మిది మొలిచాయి. పిచ్చుకల కోసం గుమ్మం అలంకరించిన దాన్ని, ఆ ఏడంతా పళ్ళెం, గరిటె పట్టుకుని వాటిని తరుముతూ కూర్చున్నాను. వానాకాలం వెళ్ళిపోయింది, చలిగాలి మొదలైంది, అప్పటికి గాని కంకి రాలేదు. "ఇంతాలస్యమేటండీ?" అని భయంభయంగా అడిగాను. మావయ్యగారు కంకిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "తొట్టిలో కదమ్మా, ఏరుకి చోటు సాలక. అదేనమ్మా. దొరికింది" అన్నారు. ఆ రోజు పాయసం వండాను.

అప్పటినుంచీ ఏటా గింజలు దాచి, ఏటా వేశాను. క్వార్టరు మారితే తొట్టి కూడా మోసుకెళ్ళాను. ఒక ఊరి అన్నం నా పెరట్లో బతికి ఉందని వచ్చినవాళ్ళందరికీ, కొంచెం గొప్పగానే, చెప్పుకునేదాన్ని. మావయ్యగారు పక్కన కూర్చుని తల ఊపేవారు.

మావయ్యగారు పోయాక మా ఆయనా నేనూ వెళ్ళి ఆయన గది ఖాళీ చేశాం. మంచం కింద పెట్టెలో తెలుగులో రాసుకున్న పుస్తకం ఉంది. ఒక్కో రకానికి ఒక్కో పేజీ. ఏ ఊరు, ఎవరిచ్చారు, ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు కంకి ఈనింది. హమర్ ధాన్ పేజీలో చివరి వరుస, నేను పాయసం వండిన ఏటిది: "ఆలస్యంగా ఈనింది. అది కాదు, పక్క కట్టలోంచి రాలిన రకం. హమర్ ధాన్ పోయింది. కారణం పిచ్చుకలు." నా ఊసు ఎక్కడా లేదు. ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ ఖాళీ గదిలో చాలాసేపు ఏడ్చాను. ఆయన అంత నష్టాన్నీ ఒక్కరే మోస్తూ ప్రతి ఆదివారం నా చేతి అన్నం తిని మెచ్చుకున్నారు. రెండు నెలల్లో పండే ధాన్యాన్ని మూడు రోజుల్లో పోగొట్టాను, ఆ సంగతి నాకు తెలియడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.