పెద్దమ్మ ముట్టని టీ

పెద్దమ్మ పోయిందన్న కబురు మా కొట్టుకి బేరంగా వచ్చింది. పొద్దున్నే షట్టరు తీస్తుంటే ఆవిడ కోడలు వచ్చి నిలబడింది. "తెల్ల గుడ్డ ఉంటే ఇయ్యి వదినా. బేగి ఇయ్యి. అత్త ఎల్లిపోనాది" అంది. అంత దుఃఖంలోనూ గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి, గట్టిదో కాదో చూసుకుంది. నేను ఏడుస్తూనే కొలిచి చింపి ఇచ్చాను.

ఆవిడ నాకు సొంత పెద్దమ్మ కాదు. కొండ మీది ఊరి నుంచి డుంబ్రిగుడ సంతకి దిగి వచ్చే మనిషి. మైదానం నుంచి కోడలినై వచ్చి ఈ కిరాణా, గుడ్డల కొట్లో బిక్కమొహం వేసుకుని కూర్చున్న కొత్తలో, నన్ను ముందుగా పలకరించింది ఆవిడే. మిరియాలో పసుపో అమ్ముకున్నాక మా ఉప్పు బస్తా మీద చతికిలబడేది. అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అది తీసి చెవి మీద పెట్టుకుందంటే టీ కావాలని అర్థం. పంచదార ఎంత వేసినా చాలేది కాదు.

"ఇది టీయేటి గుంటా? పసువుల కుడితి. ఇంకో సెంచాడు ఎయ్యి" అనేది. గ్లాసు అడుగున మిగిలిన పంచదార వేలితో నాకితే గాని లేచేది కాదు.

ఒకసారి వాళ్ళ మనవరాలికి సంబంధం వస్తే నన్నూ పిలిచింది. పిల్లాడి వైపు వాళ్ళు జీలుగు కల్లు కుండ తెచ్చి గుమ్మంలో పెట్టారు. అందరూ కూర్చున్నారు, పంటల గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు. కుండని మాత్రం ఎవరూ ముట్టలేదు. కాసేపటికి వచ్చినవాళ్ళు లేచి, తెచ్చిన కుండ ఎత్తుకుని, నవ్వు మొహాలతోనే వెళ్ళిపోయారు. నాకేమీ అర్థం కాలేదు. పెద్దమ్మ చెప్పింది: "తాగితే ఒప్పుకున్నట్టు. ముట్టకపోతే కాదన్నట్టు. ఇంటికొచ్చినోడిని నోటితో కాదంటే మనసు నొచ్చుకోదేటి?" ఎంత మర్యాద! మా వైపు సంబంధం తప్పిపోతే రెండు కుటుంబాలూ తరాల పాటు తిట్టుకుంటాయి.

తర్వాత హైవే వచ్చింది. ఇంకా రాలేదనుకోండి, దాని గీతలు వచ్చాయి. రెండు దారులు గీశారు. ఒకటి ఉన్న రోడ్డునే వెడల్పు చేసి, మా బజారు మీదుగా, రిసార్టుల మీదుగా పోయేది. రెండోది పెద్దమ్మ వాళ్ళ కొండని కోసుకుంటూ పోయేది. ఆ కొండ మీద సిల్వరోక్ చెట్ల నీడలో ఆవిడ కాఫీ తోట ఉంది. తోట కింద ఊరంతా నీళ్ళు తెచ్చుకునే ఊట ఉంది. అదొక్కటే ఊట. ఏ దారి మంచిదో జనాన్నే అడుగుతామంటూ బడి ఆవరణలో షామియానా వేశారు. అడుగుతారట! అడిగే మొహాలేనా అవి?

బజారు వాళ్ళం కుర్చీల్లో కూర్చున్నాం. కొండవాళ్ళు వెనక నేల మీద. ఒక అధికారి తెర మీద బొమ్మలు చూపిస్తూ పర్యావరణ నివేదిక అప్పజెప్పాడు. ఆ తెలుగు నాకే సగం అర్థం కాలేదు. కొండని బంజరు అన్నాడు, దారి అటు పోవడమే మేలన్నాడు. ఊట ఊసే లేదు. ఎండాకాలంలో ఒక్కసారి ఎక్కి చూసిన పాపాన పోలేదన్నమాట. అందరికీ కాగితం కప్పుల్లో టీ ఇచ్చాక, "అభ్యంతరాలు ఉన్నవాళ్ళు మైకు దగ్గరికి రండి" అన్నాడు. ఎవరూ లేవలేదు. మా బజారు వాళ్ళు చప్పట్లు కొట్టారు. తిరిగి చూస్తే వెనక నేల మీద, ఒక్కొక్కరి ముందు ఒక్కో కప్పు, నిండుగా, మీగడ కట్టి ఉంది. అప్పటికీ నా మట్టిబుర్రకి వెలగలేదు. పెళ్ళి కుండకీ సర్కారు టీకీ ముడిపెట్టాలని ఎవరికి తోస్తుంది?

సభ అవగానే పెద్దమ్మ కొట్టుకి వచ్చి చుట్ట చెవి మీద పెట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"టీ ఎట్టు గుంటా. నోరెండిపోనాది."

"అక్కడ ఇచ్చారు కదా పెద్దమ్మా, తాగలేదేం?"

"అక్కడ తాగుతానేటి? తాగితే కొండ ఇచ్చేసినట్టు కాదేటి? ఊరంతా కాదన్నాం. ఒక్కడూ ముట్టనేదు. ఇంక ఎల్లిపోతారు."

అప్పుడు వెలిగింది నాకు. నోటితో చెప్పాలి పెద్దమ్మా అంటే, నాకే మర్యాద తెలియదన్నట్టు చూసింది.

మర్నాడు ఆవిడని వెంటబెట్టుకుని ఆ అధికారి దగ్గరికి వెళ్ళాను. సంగతంతా చెప్పాను. "టీ తాగకపోవడం అభ్యంతరమా? షుగర్ ఉందేమో అనుకున్నామమ్మా" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసి పైకి పంపేశారట, ఇంక తమ చేతుల్లో లేదట. ఛీ! నవ్వుతూ ఒక ఊరి గొంతు తడారబెట్టే ఆ పళ్ళు నాకిప్పటికీ కలలోకి వస్తాయి, లేచి ఉమ్మేయాలనిపిస్తుంది.

బయటికొచ్చాక పెద్దమ్మ అడిగింది: "ఎందుకు నవ్వినారు?" వాళ్ళకి బుద్ధి లేక, అన్నాను. "పోనీలే. ఆళ్ళకి తెలీదు. ఎవులూ నేర్పనేదు" అంది. ఆవిడకున్న ఆ ఓర్పు నాకు లేదు, రాదు కూడా. ఇంటికొస్తే మా ఆయన "మన కొట్టు మిగిలింది, సంతోషించు" అన్నాడు. ఆ పూట నేను అన్నం వడ్డించలేదు. మిగిలిన కొట్టుని చూసినా రోతే పుట్టింది.

కాఫీ తోటలో ఎర్ర రంగు పూసిన రాళ్ళు పాతారు. పెద్దమ్మ ఒక రాయి మీద కూర్చుని చుట్ట కాల్చేది. "కొండకి కాళ్ళు నేవు. రోడ్డుకి ఉన్నాయి కదా, అదే జరగాల" అనేది. రోడ్డే ఆవిడని చంపిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ అబద్ధం. జ్వరం వచ్చింది, పెద్ద వయసు, పోయింది.

దినానికి నేనూ మా ఆయనా కొండెక్కాం. అడ్డాకుల్లో అన్నాలు వడ్డిస్తుండగా ఒక జీపు వచ్చింది. రోడ్డు కాంట్రాక్టరు మనిషి దిగి, పరామర్శకని ఒక కూల్‌డ్రింకుల పెట్టె తెచ్చి, ఊట దారి పక్కన ఎర్ర రాయి దగ్గర పెట్టాడు. "తీసుకోండి, తీసుకోండి" అంటూ ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. అందరూ ఆయనకి దండం పెట్టారు. కూర్చోమని పీట వేశారు. సీసా మాత్రం ఎవరూ ముట్టలేదు. మా ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. పెద్దమ్మ కోడలు ఆయన వంక చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కాంట్రాక్టరు మనిషి జీపెక్కుతూ ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు: "ఏ గొడవా లేదు సార్. చాలా మంచి జనం. ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు."

మొన్న మళ్ళీ వెళ్ళాను. పెట్టె అక్కడే ఉంది. సీసాల మీద ఎర్ర దుమ్ము పేరుకుంది, మూతలు తీయలేదు. బిందెలతో ఊటకి వెళ్ళే ఆడవాళ్ళు, దాన్ని తగలకుండా, చుట్టూ తిరిగి వెళ్తున్నారు.